షాపులో కలిసిన జాకెట్టు ముక్క పెళ్లి పందిట్లో ఎందుకు కలవలేదు?

చీపురుపల్లి కోడలు · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇది చీరల గోల అనుకుని వెళ్లిపోకండి, నాకు నిజంగానే సమాధానం కావాలి. మా ఆడపడుచు కూతురి పెళ్లికి విజయనగరంలో ఒక పెద్ద షాపులో వంగపండు రంగు పట్టుచీర కొన్నాను. చీరతో వచ్చిన జాకెట్టు ముక్క మరీ పల్చగా ఉందని విడిగా ఇంకో ముక్క తీసుకున్నా. అక్కడే కౌంటరు మీద చీర మడత పక్కన ముక్క పెట్టి నేను, మా తోడికోడలు, సేల్స్ అమ్మాయి ముగ్గురం కళ్లు చించుకుని చూశాం. ఒకటే రంగు, సందేహమే లేదు.

పెళ్లి పగలు పదకొండు గంటల ముహూర్తం. పందిట్లోకి వచ్చానో లేదో మా అత్తగారు అందరి ముందూ "అదేటమ్మా, వంగపండు చీర మీదకి ఎర్ర జాకెట్టు తొడుక్కున్నావు" అన్నారు. చూసుకుంటే నిజమే, ఎండలో అది ఎర్రగా తిరిగింది! సిగ్గుతో చచ్చిపోయా. రాత్రి ఫంక్షన్ హాల్లోకి వెళ్లాక చూస్తే రెండూ మళ్లీ కలిసిపోయాయి. ఫొటోల్లో మూడో రంగు. షాపుకెళ్లి అడిగితే "ఉతికేశారా మేడం" అంటాడు. ఉతకలేదు, ఇస్త్రీ కూడా షాపాయన చెప్పినట్టే చేయించా. నా కళ్లు పోయాయా, వాళ్లు మోసం చేశారా?

ఘంటస్తంభం · రాత్రి 9:58

చీరని గుమ్మం దాటించి ఎండలో చూడకుండా కొనడమేటండీ! మా అమ్మ అయితే చీర భుజాన వేసుకుని నేరుగా రోడ్డు మీదకి వెళ్లిపోయేది, షాపు కుర్రాడు దొంగతనం అనుకుని వెనకాలే పరుగు. అలా ఘంటస్తంభం దగ్గర ఎన్నిసార్లు మా పరువు పోయిందో లెక్కలేదు. చీర మాత్రం ఎప్పుడూ తప్పు రాలేదు.

నాగావళి ఒడ్డు · రాత్రి 10:31

కోడలుగారూ, మీ కళ్లు బాగానే ఉన్నాయి, షాపువాడు మోసమూ చేయలేదు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ని, కాస్త పొడుగ్గా చెబుతా, ఓపిక పట్టండి.

మన కంట్లో రంగు చూసే కణాలు మూడు రకాలే. శంకు కణాలు అంటారు, కంటికి సుమారు 60 లక్షలు ఉంటాయి. ఒక రకం నీలం వైపు కాంతికి బాగా స్పందిస్తుంది, ఒకటి ఆకుపచ్చకి, ఇంకోటి పసుపు నుంచి ఎరుపు దాకా. ఒక వస్తువు మీద పడి మన కంటికి వచ్చే వెలుగులో ఎన్ని తరంగదైర్ఘ్యాలు, అంటే ఎన్ని పొడవుల అలలు ఉన్నా మెదడుకి అందేది ఈ మూడు రకాలు పంపే మూడు సంకేతాలే. సంతలో కాటా ఉంది చూడండి, సంచి వేలాడదీస్తే రెండు కిలోలు అని చెబుతుంది, లోపల వంకాయలున్నాయో చేమదుంపలున్నాయో దానికి తెలియదు. కన్ను కూడా అంతే. లోపలి సరుకు వేరైనా మూడు సంకేతాలూ సమానంగా వస్తే "ఒకటే రంగు" అనేస్తుంది. దీన్ని మెటమెరిజం అంటారు.

మీ చీరకి వాడిన అద్దకం వేరు, ముక్కకి వాడింది వేరు. షాపులో తెల్ల ఎల్ఈడీ లైట్లు. ఎల్ఈడీ లోపల అసలు వెలిగేది నీలం చిప్పు, 450 నానోమీటర్ల దగ్గర (ఇది వెలుగు అల పొడవు కొలత, నీలం వైపు తక్కువ, ఎరుపు వైపు ఎక్కువ). దాని మీద పసుపు పూత ఉంటుంది, నీలంలో కొంత ఆ పూతలో పసుపుగా మారి రెండూ కలిసి తెలుపు అనిపిస్తాయి. ఇందులో ఎరుపు చివర, అంటే 650 దాటిన ముదురెరుపు, చాలా తక్కువ. ఎండలో అది పుష్కలం. మీ జాకెట్టు అద్దకం ఆ ముదురెరుపును వెనక్కి కొడుతోంది, చీర అద్దకం మింగేస్తోంది అనుకోండి. షాపులో ఆ ఎరుపే లేదు కాబట్టి తేడా బయటపడే దారి లేదు. పందిట్లో బయటపడింది.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక పరీక్ష. పాతకాలం గుండ్రటి బల్బు, అదే ఫిలమెంటుది, ఇంట్లో ఎక్కడైనా ఉంటే దాని కింద రెండూ పెట్టి చూడండి. దానిలో ఎరుపు ఇంకా ఎక్కువ. నా లెక్క సరైతే జాకెట్టు మరింత ఎర్రగా కనిపించాలి.

ఫొటో సంగతి కూడా అంతే. కెమెరాలోనూ మూడు ఫిల్టర్లు ఉంటాయి గానీ అవి మన శంకు కణాలకి అచ్చు నకలు కావు, అందుకే దాని లెక్క దానిదే.

దర్జీ సత్రం · రాత్రి 10:50

మాస్టారు చెప్పింది నూటికి నూరు. ఇరవై ఏళ్లుగా మ్యాచింగ్ సెంటర్‌లో ఉన్నా, మేం దీన్ని "రంగు తిరుగుడు" అంటాం. పట్టుకి వేసే రంగు వేరు, పాలిస్టర్‌కి వేసే రంగు వేరు, టూ బై టూ కాటన్‌కి వేరు. పట్టుని పట్టుతో కలిపితే పేచీ తక్కువ. పట్టుచీర మీదకి పాలిస్టర్ సాటిన్ ముక్క కలిపితే వంగపండు, నెమలిపింఛం, బచ్చలిపండు ఈ మూడు రంగుల్లో దెబ్బ తినడం ఖాయం. ఉతికారా అని అడగడం మాత్రం తప్పండీ, తెలియనప్పుడు మా వాళ్లు అనే మొదటి మాట అదే.

మా కొట్లో గుమ్మం పక్కన ఒక బల్ల వేయించా, ఎండ నేరుగా పడదు, పగటి వెలుగు పడుతుంది. సాయంత్రం ఆరు దాటాక ముదురు రంగు మ్యాచింగ్‌కి వస్తే రేపు పొద్దున్న రండమ్మా అనేస్తా. సగం మంది కోపంతో పక్క కొట్టుకి పోతారు, అది వేరే సంగతి.

ఘంటస్తంభం · రాత్రి 11:04

అయితే బంగారం కొట్లో పసుపు లైట్లు, వెండి దగ్గర తెల్ల లైట్లు పెట్టేది కూడా ఈ లెక్కేనా? రైతు బజారు బయట టమాటాల బండి మీద ఎర్ర టార్పాలిన్ కట్టేది కూడా?

దర్జీ సత్రం · రాత్రి 11:09

టమాటా బండివాడికి మాస్టారి పాఠం అక్కర్లేదు, వాడికి ముందే తెలుసు 😀

నాగావళి ఒడ్డు · ఆదివారం ఉదయం 6:15

ఆ టార్పాలిన్ కింద కాసేపు నిలబడితే ఇంకో వింత జరుగుతుంది, మీరు ఎర్రదనాన్ని మర్చిపోతారు. అక్కడ తెల్ల సంచి తెల్లగానే అనిపిస్తుంది. మెదడు చుట్టూ ఉన్న వెలుగు రంగు ఏమిటో అంచనా వేసి దాన్ని తీసేసి మిగిలింది చూపిస్తుంది. అందుకే టమాటా కొని బయటికొచ్చాకే పచ్చికాయలని తెలుస్తుంది.

ఈ తీసివేత ఎంత గట్టిదో ఒక లెక్క చెబుతా. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ (పడే వెలుగుకి కొలత). ఇంట్లో ట్యూబులైటు కింద 200, 300 ఉంటే గొప్ప. బొగ్గు తన మీద పడిన వెలుగులో వందకి నాలుగైదు పాళ్లు వెనక్కి పంపుతుంది, తెల్ల కాగితం ఎనభైకి పైన. గుణించి చూడండి. ఎండలో ఉన్న బొగ్గు నుంచి మన కంటికి వచ్చే వెలుగు, గదిలో ఉన్న తెల్ల కాగితం నుంచి వచ్చే దానికంటే పదిహేను నుంచి ముప్పై రెట్లు ఎక్కువ. అయినా బొగ్గు నలుపే, కాగితం తెలుపే. కన్ను వెలుగును కొలవదు, పక్కవాటితో పోలుస్తుంది.

2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్‌ని ఊపేసిన గౌను ఫొటో గుర్తుందా? కొంతమందికి నీలం నలుపు, కొంతమందికి తెలుపు బంగారం. అది కూడా స్కాట్లాండ్‌లో ఒక పెళ్లికి పెళ్లికూతురి తల్లి వేసుకోవడానికి చూసిన గౌను ఫొటోనే. అసలు గౌను నీలం నలుపు. ఫొటోలో వెలుగు నీడదా, పసుపు బల్బుదా అనే అంచనా దగ్గర ఒక్కో మెదడు ఒక్కో దారి పట్టింది. కాబట్టి కోడలుగారూ, పెళ్లిబట్టల రంగు గొడవ మీ ఒక్కరిదే కాదు.

అంతా మాయ · ఉదయం 7:02

ఇంత చర్చ దేనికండీ. రంగు అనేదే లేదు. బయట ఉన్నవి తరంగాలు మాత్రమే, రంగంతా మెదడు కల్పన. మన పెద్దలు ఎప్పుడో చెప్పారు.

ఘంటస్తంభం · ఉదయం 7:10

రంగే లేకపోతే వచ్చే సంక్రాంతికి మీ ఇంటికి సున్నం వేయించుకోకండి, డబ్బులు మిగులుతాయి.

నాగావళి ఒడ్డు · ఉదయం 7:48

మాయగారి మాటలో సగం నిజం ఉంది, వెక్కిరించకండి. ఇప్పుడు మీ ఫోనులో పసుపు రంగు బొమ్మ ఏదైనా తెరవండి. తెర మీద ఆవగింజంత నీటి చుక్క వేయండి, అది భూతద్దంలా పనిచేస్తుంది. లోపల ఎరుపు, ఆకుపచ్చ చుక్కలే కనిపిస్తాయి, పసుపు చుక్క ఒక్కటీ ఉండదు. సోడియం వీధిదీపంలో వచ్చే 589 నానోమీటర్ల అసలు పసుపు మీ ఫోనులో లేనే లేదు. అయినా కంటికి పసుపే, ఎందుకంటే మూడు సంకేతాలు అలా కుదిరాయి. రాణీ రంగు ఇంకా గమ్మత్తు, ఇంద్రధనుస్సులో ఎక్కడ వెతికినా దొరకదు. ఒకవైపు చివర ఎరుపు, ఇంకోవైపు చివర ఊదా, ఈ రెండు కొసలూ ఒకేసారి కంటిలో పడి మధ్యలో ఆకుపచ్చ లేకపోతే మెదడు ఆ రంగు తయారు చేసుకుంటుంది.

కానీ "అంతా కల్పన" అంటే ఒప్పుకోను. కల్పనైతే కోడలుగారి అత్తగారు, పందిట్లో నూరు మంది ఒకే తేడా ఎలా పట్టారు?

పొందూరు పిల్ల · ఉదయం 9:20

రంగుల మాట సరే, తెలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సింది మేమే. మాది పొందూరు, మా అమ్మమ్మ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతుంది, దూది శుభ్రం చేయడానికి దాన్ని మించింది లేదంటుంది. మా ఖాదీ తెలుపు వేరు, కొంచెం పాలమీగడ ఛాయ. బయట నుంచి వచ్చినవాళ్లు ఒక బ్రాండెడ్ తెల్లచొక్కా పక్కన పెట్టి "ఇది మాసినట్టుంది" అంటే ఒళ్లు మండుతుంది.

ఆ మిల్లు చొక్కాలో వెలుగులేపే రసాయనం వేస్తారు, సబ్బుపొడుల్లో కూడా ఉంటుంది. అది కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలి వెలుగుగా బయటకి వదులుతుంది. అంటే ఆ చొక్కా తన మీద పడిన కనబడే వెలుగు కంటే ఎక్కువ వెలుగు తిరిగి ఇస్తుంది, "తెల్లకంటే తెలుపు" అన్న ప్రకటనలు ఒట్టి కోతలు కావు. ఎండలో ధగధగ మెరుస్తుంది, ఎల్ఈడీ కింద అతినీలలోహితం దాదాపు ఉండదు కాబట్టి ఆ మెరుపు తగ్గిపోతుంది. డీజే పార్టీలో నల్ల లైటు కింద తెల్లచొక్కాలు దెయ్యాల్లా వెలిగేది అందుకే. మా ఖాదీ పంచె కట్టుకుని అక్కడ నిలబడండి, మామూలుగానే ఉంటుంది.

పాతకాలం నీలిమందు వేరే దారి. పాత బట్టకి వచ్చిన పసుపు మీద కొంచెం నీలం పూస్తే పసుపు విరిగిపోతుంది. నిజానికి బట్ట రవ్వంత మసకబారుతుంది, కానీ కంటికి తెల్లగా అనిపిస్తుంది. మా తాత జుబ్బాకి మోతాదు ఎక్కువై ఆకాశం రంగు వస్తే "ఇవాళ పైకి చూస్తే నేనెక్కడున్నానో తెలీదు" అనేవాడు.

చీపురుపల్లి కోడలు · ఉదయం 10:05

మాస్టారూ, మీ పరీక్ష చేశాను! మా దేవుడి గదిలో పాత జీరో బల్బు ఉంది, దాని కింద చూస్తే జాకెట్టు మిరపపండులా ఉంది, చీర మాత్రం వంగపండే. మా ఆయనకి చూపిస్తే "రెండూ ఒకటే కదా" అన్నారు. ఆయన రంగుల సంగతి ఎప్పుడూ అంతే, ఆయన్ని వదిలేయండి.

బొబ్బిలి కుర్రోడు · ఉదయం 10:40

అక్కా, బావగారిని వదిలేయకండి, ఒకసారి పరీక్ష చేయించండి. ఎందుకంటున్నానో చెబుతా.

నేను రైల్వే లోకో పైలట్ పరీక్ష రాశా. రెండేళ్లు కోచింగ్, గది అద్దె, మా నాన్న ఆవుని అమ్మాడు. రాతపరీక్ష పాసయ్యా. ఏ-వన్ మెడికల్‌కి పిలిచారు. అక్కడ చుక్కల పుస్తకం ఒకటి ముందు పెట్టారు, పేజీ తిప్పి ఎంత కనిపిస్తోంది అన్నారు. 21 అన్నా. డాక్టరు ఏమీ అనలేదు, ఇంకో పేజీ తిప్పాడు, అక్కడ ఏమీ లేదన్నా. తర్వాత తెలిసింది, నేను 21 అన్న పేజీలో మామూలు కంటికి కనిపించేది 74 అని. ఇంటికొచ్చి రెండు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పుడు వెనక్కి చూసుకుంటే అన్నీ గుర్తొచ్చాయి. చిన్నప్పుడు మిరప చేలో పండుకాయలు కోయమంటే పచ్చివి కోసేసి తన్నులు తినేవాణ్ని, నిర్లక్ష్యం అనుకునేవారు. నాకు అక్కడ పండుకాయ కనబడేది కాదు, చేత్తో పట్టుకుని మెత్తదనం చూసి చెప్పేవాణ్ని. ఒక్కళ్లయినా పదో తరగతిలో ఆ పుస్తకం చూపించి ఉంటే ఆవు మిగిలేది.

కంటిచూపు · ఉదయం 11:30

శ్రీకాకుళంలో కళ్లద్దాల పరీక్షలు చేస్తుంటాను, తమ్ముడూ నీ మాట చదివి ఆగలేక రాస్తున్నా. ఇలాంటి కుర్రాళ్లు ఏడాదికి కొందరు నా కుర్చీలో కూర్చుంటారు, అందరూ మెడికల్ అయిపోయాకే.

ఆ పుస్తకం ఇషిహారా అనే జపాన్ కంటి డాక్టరు చేసింది, 1917లో. రైళ్లకి ఈ పరీక్ష రావడం వెనక ఒక ప్రమాదం ఉంది. 1875లో స్వీడన్‌లో లాగర్లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఉద్యోగికి రంగులు తెలియకపోవడమే కారణం కావచ్చని హోమ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త వాదించి, రంగు రంగుల ఊలు ఉండలు ఏరించి పరీక్షించే పద్ధతి పెట్టాడు. అంతకు ముందు 1794లోనే జాన్ డాల్టన్, అదే పరమాణు సిద్ధాంతం డాల్టన్, తన కంటికే ఈ లోపం ఉందని వ్యాసం రాశాడు. కంటి లోపలి ద్రవం నీలంగా ఉండటం వల్లే అని ఆయన అనుకున్నాడు, చనిపోయాక కోసి చూడమని చెప్పాడు. 1844లో చూస్తే ద్రవం తేటగా ఉంది. దాచిపెట్టిన ఆ కంటి నుంచి 1995లో డీఎన్ఏ తీసి పరీక్షిస్తే ఆకుపచ్చ వైపు శంకు కణం జన్యువు లేదని తేలింది.

ఇక ఇది ఎలా వస్తుందంటే, ఎరుపు ఆకుపచ్చ జన్యువులు రెండూ ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగవాడికి ఎక్స్ ఒక్కటే, అది తల్లి ఇచ్చిందే. తండ్రి నుంచి కొడుక్కి ఈ లోపం రాదు. తాతకి ఉంటే కూతురు చూపు బాగానే ఉండి, ఆమె కొడుక్కి రావచ్చు. "మేనమామ పోలిక" అంటాం చూడండి, ఇందులో అది అక్షరాలా నిజం. తమ్ముడూ, మీ అమ్మ తరఫు మేనమామల్ని పిలిచి పుస్తకం చూపించు, ఒకళ్లయినా దొరుకుతారని నా అనుమానం.

ఆడపిల్లకి రావాలంటే రెండు ఎక్స్‌లూ లోపంతో రావాలి, అందుకే అరుదు. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒక లెక్క చెబుతా. లోపం ఉన్న మగవాడు తన సొంత అక్క కూతుర్ని చేసుకున్నాడనుకోండి, బావగారి చూపు మామూలే. అక్కకి ఆ జన్యువు ఉండే అవకాశం సగం, ఆమె కూతురికి పావు. వాళ్లకి ఆడపిల్ల పుడితే తండ్రి ఎక్స్ ఎలాగూ లోపమున్నదే వస్తుంది, తల్లి నుంచి కూడా వచ్చే అవకాశం ఎనిమిదిలో ఒకటి. బయటి సంబంధంలో ఇంత ఉండదు. మేనరికం వద్దని ఉపన్యాసం ఇవ్వడం లేదు, ఆడపిల్ల కదా రాదులే అని పరీక్ష మానేయకండి అంటున్నా.

రంగుటద్దాలు పెట్టుకుంటే నయమవుతుందని వీడియోలు చూసి అడుగుతారు. కొన్ని రంగుల మధ్య తేడా పెంచి చూపిస్తాయి, లేని కణాన్ని తీసుకురావు. డబ్బు పెట్టే ముందు ఆలోచించుకో.

బొబ్బిలి కుర్రోడు · మధ్యాహ్నం 12:15

అమ్మకి ఫోన్ చేశా. చిన్న మావయ్య పచ్చి మామిడికాయకి, పండుకి తేడా వాసన చూసే చెబుతాడట. ఇంట్లో అందరికీ తెలుసు, నవ్వుకునేవారు. ఇన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

ఘంటస్తంభం · మధ్యాహ్నం 12:40

తమ్ముడూ నీ బాధ ముందు నాది జోకులా ఉంటుంది గానీ, మా బామ్మ "పచ్చచీర తే" అంటే నేను చిలకపచ్చ తెస్తే ఆవిడ పసుపుది అడిగిందని వారం మాట్లాడలేదు. పచ్చ అంటే ఏ పచ్చ? ఇంగ్లీషులో రెండు మాటలున్న చోట మనకి ఒకటే ఉంటే మన పూర్వీకులకి తేడా కనబడేది కాదా?

పొందూరు పిల్ల · మధ్యాహ్నం 1:05

కనబడకపోవడమేంటి, పసుపు కొమ్ముకి వేపాకుకి తేడా తెలియకుండానే గడపకి పూసి మండలు కట్టారా? పచ్చ, పచ్చి, పసుపు, పసిడి, పసరు, పసి అన్నీ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. లేతదనం, పచ్చిదనం, రంగు అన్నీ ఆ వేరులోనే ఉన్నాయి. అవసరమైన చోట ఆకుపచ్చ, పసుపుపచ్చ అని విడదీసుకున్నాం. జపాన్ వాళ్లు ట్రాఫిక్‌లో ఆకుపచ్చ దీపాన్ని నీలం అనే మాటతోనే పిలుస్తారు, వాళ్లకి సిగ్నల్ తెలియక గుద్దుకుంటున్నారా. మాట లేకపోతే రంగు కనబడదు అనడం అతి. రష్యన్‌లో లేత నీలానికి ముదురు నీలానికి రెండు వేరే మాటలున్నాయి, ఆ రెంటినీ విడదీయడంలో రష్యన్లు కొంచెం చురుగ్గా ఉంటారని 2007లో ఒక ప్రయోగంలో తేలింది, ఆ తేడా కూడా క్షణంలో పదో వంతు లాంటి కాలంలో.

చీరల షాపులో నిలబడి వినండి మన భాష బీదదో కాదో. ఉల్లిపొర రంగు, గంధం, మెంతి, కనకాంబరం, జేగురు, నెమలికంఠం, పాలపిట్ట.

కంటిచూపు · మధ్యాహ్నం 1:30

పచ్చ మాట వచ్చింది కాబట్టి, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత వైద్యంలో నిలవదు. కామెర్లలో పచ్చబడేది తెల్లగుడ్డు, వెలుగు లోపలికి వెళ్లే దారి కాదు. నిజంగా లోకం పసుపుగా కనిపించేది గుండెకి వాడే డిజాక్సిన్ మందు మోతాదు మించినప్పుడు. ఇంట్లో ఆ మాత్ర వేసుకునేవాళ్లు అలా అంటే వెంటనే డాక్టరుకి చెప్పండి.

ఉద్దానం · మధ్యాహ్నం 3:20

మీరంతా లైట్ల గురించి మాట్లాడుతుంటే నాకు లైట్లే లేని రోజులు గుర్తొచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ తుపాను మా పలాస వైపు తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం, స్తంభాలు అగ్గిపుల్లల్లా విరిగాయి, మా ఊరికి కరెంటు చాలా రోజులు లేదు. మహాలయ అమావాస్య వెళ్లి రెండు రోజులే, చంద్రుడు ఇలా వచ్చి అలా పోయేవాడు. అంత చీకటి నా జన్మలో చూడలేదు.

ఒక సంగతి అప్పుడే గమనించా. పెరట్లో ఒక మందార చెట్టు పడకుండా నిలబడింది. పొద్దుగూకే వేళ ఎర్రపువ్వు ముందు నల్లగా అయిపోయేది, ఆకులు మాత్రం ఇంకాసేపు బూడిద రంగులో తెలుస్తుండేవి. పగలు చూస్తే పువ్వే మెరిసేది, ఆకు కాదు. ఇది తలకిందులు ఎలా అయింది? ఇంకోటి, బయట మంచం మీద పడుకుని అరగంట గడిస్తే దారి కనిపించేది, ఎవడో టార్చి వేశాడంటే మళ్లీ గుడ్డివాళ్లం.

నాగావళి ఒడ్డు · సాయంత్రం 4:10

ఉద్దానం గారూ, మీరు చూసింది పుర్కింజె అనే చెక్ శాస్త్రవేత్త 1820ల్లో పూలతోటలో చూసి రాసిందే. చీకటిలో శంకు కణాలు పనిచేయవు, దండ కణాలు అందుకుంటాయి. అవి కంటికి సుమారు 12 కోట్లు, ఒకటే రకం కాబట్టి రంగు చెప్పలేవు. అవి బాగా చూసేది 500 నానోమీటర్ల దగ్గర, నీలం ఆకుపచ్చల నడుమ. ఎరుపు వాటికి దాదాపు కనబడదు. అందుకే మందారం నలుపు, ఆకు బూడిద.

దండ కణాల్లోని రంగుపదార్థం వెలుగు తగిలితే విరిగిపోతుంది, మళ్లీ కూడబెట్టుకోవడానికి అరగంట పైనే పడుతుంది. టార్చి వేసినవాడు మీ అరగంట పొదుపు ఖర్చు పెట్టేశాడన్నమాట. టార్చి మీద ఎర్ర గాజుకాగితం చుట్టి సన్నగా వేసుకుంటే పొదుపు అంతగా కరగదు. ఇంకో చిట్కా, కంటి నడిబొడ్డున దండ కణాలు లేవు, చిన్న నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకి చూస్తే కనిపిస్తుంది.

అంతా మాయ · సాయంత్రం 5:00

సరే, నేనూ ఒకటి చెబుతా. కళింగపట్నం దగ్గర సముద్రం నీలంగా కనిపించేది ఆకాశం నీడ వల్ల. ఇదైనా ఒప్పుకుంటారా?

నాగావళి ఒడ్డు · సాయంత్రం 5:25

ఒప్పుకోను 🙂 పూర్వం పెద్ద శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. 1921లో ఓడ ప్రయాణంలో సి.వి.రామన్ చిన్న స్ఫటికపు ముక్కతో నీటి మీద ఆకాశం మెరుపును తీసేసి చూశాడు, నీలం ఇంకా చిక్కబడింది. మన వైజాగులో చదువుకున్న పిల్లవాడే. ఆఖరి రోజుల్లో, 1968లో, కంటిచూపు మీదే ఒక పుస్తకం రాశాడు. వంశధార కలిసే చోట వానాకాలం ఆకాశం ఎంత నీలంగా ఉన్నా నీళ్లు బురదరంగే కదా, నీడ అయితే నీలంగా ఉండాలిగా.

చీపురుపల్లి కోడలు · రాత్రి 8:45

అందరికీ దండాలు. మా ఆయనకి ఫోనులో ఆ చుక్కల బొమ్మలు చూపించా, అన్నీ సరిగ్గానే చెప్పారు. అంటే కళ్లు బాగానే ఉన్నాయి, చీరలంటే శ్రద్ధ లేదు, అంతే.

నన్ను ఆశ్చర్యపరిచింది మా అత్తగారు. ఆవిడకి 72, దూరపు మనుషుల్ని పోల్చుకోలేరు. పందిట్లో మా అందరికంటే ముందు ఆవిడే ఎలా పట్టారు?

కంటిచూపు · రాత్రి 9:00

ఆవిడకి శుక్లం ఆపరేషన్ అయిందా? ఒక కంటికా, రెంటికా?

చీపురుపల్లి కోడలు · రాత్రి 9:04

కుడికంటికి మూడు నెలల క్రితం అయింది. ఎడమది సంక్రాంతి వెళ్లాక అన్నారు. మీకెలా తెలిసింది!

కంటిచూపు · రాత్రి 9:15

వయసుతో కంటి కటకం పసుపు తిరుగుతుంది, శుక్లం ముదిరితే గోధుమ రంగు. అది నీలాన్ని ఆపేస్తుంది. ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదు. తీసేసి కొత్త లెన్సు పెట్టాక ఒక్కసారిగా నీలం వచ్చి పడుతుంది, తెల్లగోడ నీలంగా ఉందని వారం రోజులు అంటుంటారు. మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడు 1923లో ఆపరేషన్ తర్వాత ఇదే గోల పెట్టాడు. మీ అత్తగారిని పగటి వెలుగులో కూర్చోబెట్టి ఒక కన్ను మూసి ఒక కన్నుతో చీర, జాకెట్టు చూడమనండి.

చీపురుపల్లి కోడలు · సోమవారం ఉదయం 8:20

చూపించాను. వీధి అరుగు మీద కూర్చోబెట్టి మొదట కుడికన్ను మూయించా. ఎడమకంటితో చూసి "రెండూ మెరూనే, ఒకటి ముదురు, ఒకటి లేత" అన్నారు. తర్వాత ఎడమది మూసి కుడికంటితో చూశారు. "ఓలమ్మ, ఇది వంగపండు, అది ఎరుపు." మళ్లీ ఆ కన్ను, మళ్లీ ఈ కన్ను. చిన్నపిల్లలా పది నిమిషాలు అదే ఆట, వీధిలో వెళ్లే పాలబ్బాయిని కూడా ఆపి వాడి చొక్కా రెండు కళ్లతో విడివిడిగా చూశారు.

ఇప్పుడు నా బీరువా మొత్తం అరుగు మీదకి తెమ్మంటున్నారు, ఏ చీరకి ఏ జాకెట్టు కలవలేదో ఇవాళే తేల్చేస్తారట. దర్జీ సత్రం గారూ, మీ కొట్టు ఎన్నింటికి తెరుస్తారు?

దర్జీ సత్రం · ఉదయం 8:31

తొమ్మిదిన్నరకమ్మా. అత్తగారిని కూడా తీసుకురండి, గుమ్మం పక్కన బల్ల దగ్గర కుర్చీ వేయిస్తా.

ఘంటస్తంభం · ఉదయం 8:34

జీతం కూడా మాట్లాడేయండి.